ఆడవాళ్లకి సైకిల్ సీటు: ఏది కొనాలి, ఏది కొనక్కర్లేదు

షాపులో సైకిల్ సీటు కనబడగానే మనమంతా చేసే మొదటి పని దాన్ని బొటనవేలితో నొక్కి చూడడం, పుచ్చకాయని తట్టి చూసినట్టు. నేనూ నొక్కాను. వేలు సగం దాకా దిగింది, షాపతను కూడా "సోఫాలా ఉంటుంది మేడమ్, లేడీసంతా ఇదే తీసుకుంటారు" అన్నాడు, 1,200 ఇచ్చి ఇంటికి తెచ్చి బిగించుకున్నాను. మర్నాడు ఆదివారం పొద్దున్నే హైదరాబాద్‌లో కొల్లూరు దగ్గర ఓఆర్ఆర్ పక్కన సోలార్ పైకప్పున్న సైకిల్ ట్రాక్ ఎక్కితే ఐదో కిలోమీటరు దాకా నిజంగానే సోఫా. ఎనిమిదో కిలోమీటరుకి మధ్యలో ఒత్తుకోవడం మొదలైంది, పన్నెండుకి మంట, నార్సింగి చేరేసరికి అక్కడ ఏమీ తెలియడం లేదు, పూర్తిగా తిమ్మిరి. తిరిగి రావాలి కదా, సగం దూరం నిలబడే తొక్కాను.

అది నా రెండో సీటు. మొదటిది సైకిల్‌తో పాటు వచ్చింది, దాని మీద నొప్పి పుడితే జెల్ కవర్ వేశాను, అది పనిచేయక ఈ సోఫా కొన్నాను. ఇప్పుడు వాడుతున్న మూడోది చూడ్డానికి చెక్కముక్కలా ఉంటుంది, వేలితో నొక్కితే దిగదు, కానీ మూడు గంటలు తొక్కినా కింద సీటు ఉందన్న సంగతే గుర్తు రాదు. ఈ మూడింటి మధ్య నాకు తెలిసివచ్చినవీ, తర్వాత మా వదినకీ ఆఫీసులో ఒకరిద్దరికీ సీట్లు వెతికిపెట్టేటప్పుడు నేర్చుకున్నవీ రాస్తున్నాను. కొంచెం సిగ్గు పక్కన పెట్టి చదవాలి. "కింద నొప్పి" అని గొంతు తగ్గించి చెప్పి ఊరుకుంటే సరైన సీటు ఎప్పటికీ దొరకదు, ఎందుకంటే కింద అనేది ఒక చోటు కాదు, అక్కడ నాలుగైదు చోట్లున్నాయి, ఒక్కో చోటి నొప్పికి ఒక్కో కారణం. హానా డైన్స్ అని బ్రిటన్ పారా సైక్లిస్టు 2019లో తన వల్వాకి, అంటే జననాంగం బయటి భాగానికి, సైకిల్ సీటు వల్ల ఆపరేషన్ దాకా వచ్చిందని పత్రికలో పేరు పెట్టి మరీ రాసింది. అంత పెద్ద క్రీడాకారిణికే చెప్పడానికి అంత కాలం పట్టిందంటే మన సంగతి చెప్పక్కర్లేదు.

మెత్తదనం ఎందుకు మోసం చేస్తుందో ముందు చూద్దాం. గట్టి చెక్క స్టూలు మీద కూర్చుని రెండు అరచేతులూ పిర్రల కింద పెట్టండి. గుండ్రంగా, గట్టిగా రెండు ఎముకలు చేతికి గుచ్చుకుంటాయి. మన బరువు మోయాల్సింది అవి, మధ్యలో ఉన్న సున్నితమైన భాగం కాదు. సీటు మరీ మెత్తగా ఉంటే ఆ రెండు ఎముకలూ నురుగులోకి దిగిపోతాయి, దిగినంత మేరా మధ్యలో ఉన్న నురుగు పైకి ఉబుకుతుంది. దూది పరుపు మీద మోకాళ్లు ఆనిస్తే రెండు మోకాళ్ల మధ్య పరుపు ఎలా లేస్తుందో అలా. ఆ ఉబికిన భాగం నేరుగా వెళ్లి ఎక్కడ తగలకూడదో అక్కడే తగులుతుంది. ఐదు నిమిషాలు బాగుంటుంది, అందుకే షాపులో అందరూ మోసపోతారు, గంట తర్వాత మాత్రం రక్తం ఆడక తిమ్మిరెక్కుతుంది.

ఎక్కడ నొప్పి?

సరిగ్గా ఆ రెండు ఎముకల కింద, కమిలినట్టు నొప్పిగా ఉంటే, అదీ కొత్తగా తొక్కడం మొదలుపెట్టి రెండు మూడు వారాలే అయితే, ఏమీ కొనకండి. కొత్తగా మోకాళ్ల మీద కూర్చుని ముగ్గులు వేసేవాళ్లకి మోకాళ్లు నొప్పి పుట్టినట్టే ఇదీ, రోజు విడిచి రోజు తొక్కుతుంటే అదే పోతుంది. నెల దాటినా పోకపోతే సీటు వెడల్పు సరిపోలేదని.

ముందు భాగంలో ఒత్తిడి, మంట, వాపు, తిమ్మిరి అయితే అది అలవాటయ్యే నొప్పి కాదు. "కొన్నాళ్లు ఓర్చుకోండి, అదే సెట్ అవుతుంది" అని ఎవరు చెప్పినా వినొద్దు. సీటు ముక్కు, అంటే ముందున్న సన్నటి కొస, పైకి లేచి ఉందో, హ్యాండిల్ మరీ దూరంగానో కిందకో ఉందో, సీటు మధ్యలో పల్లం లేదో, ఈ మూడింట్లో ఏదో ఒకటి. తొడల లోపలివైపు రాసుకుపోయి ఎర్రబడుతుంటే సీటు ముక్కు దగ్గర లావుగా ఉంది, లేదా మొత్తంగానే మీకు వెడల్పు ఎక్కువైంది. ఒకవైపు మాత్రమే పుండు పడుతుంటే సీటు నేరుగా ఉందో లేదో చూసుకోండి, అది నేరుగానే ఉంటే మీరు మరీ ఎత్తుగా పెట్టుకుని పెడల్ అందక ఒక పక్కకి జారుతున్నారేమో చూడండి. వెనక తోక ఎముక దగ్గర నొప్పి వస్తే నడుం వంచి కుర్చీలో కూలబడ్డట్టు కూర్చుంటున్నారని అర్థం.

అట్టముక్క పరీక్ష

ఇంట్లోనే చేసుకోవచ్చు, డబ్బు ఖర్చు లేదు. ఆన్‌లైన్ పార్సిల్ వచ్చిన అట్టపెట్టె నుంచి, లోపల అలలు అలలుగా మడతలుండే రకం అట్ట, ఒక అడుగు ముక్క కోసుకోండి. మెట్టు మీదో అరుగు మీదో, మెత్త లేని గట్టి చోట వేసి, పల్చటి లెగ్గింగ్ లాంటిదేదో వేసుకుని దాని మీద కూర్చోండి. మడమలు లేపి మునివేళ్ల మీద ఆనుకుంటే మోకాళ్లు కొంచెం పైకి వస్తాయి, అప్పుడు సైకిల్ మీద ఎంత వంగుతారో అంత ముందుకి వంగి, రెండు చేతులతో మెట్టుని పట్టుకుని కిందకి గట్టిగా లాక్కోండి, అర నిమిషం. లేచి చూస్తే అట్ట మీద రెండు గుంటలు పడి ఉంటాయి. సరిగ్గా కనబడకపోతే సుద్దముక్కని అడ్డంగా పట్టుకుని పైపైన రుద్దండి, గుంట పడ్డ చోట సుద్ద అంటదు. ఒక గుంట నడిమధ్య నుంచి ఇంకో గుంట నడిమధ్యకి స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలవండి. మూడుసార్లు చేయండి, మూడూ ఒకేలా రావు, మధ్యస్థంగా వచ్చింది తీసుకోండి.

నాకు 118 వచ్చింది. మా వదిన సన్నంగా ఉంటుంది, నా పక్కన నిలబడితే నాలో సగం, ఆవిడకి 138. ఇద్దరం నమ్మలేక అట్టలు మార్చుకుని మళ్లీ కూర్చున్నాం, అవే అంకెలు. ఒళ్లు ఎంత ఉందన్నదానికీ ఈ ఎముకల దూరానికీ సంబంధం లేదు, ఆ సంగతి తెలియకే షాపుల్లో లావుగా ఉన్న మనిషికి వెడల్పు సీటు, సన్నటి మనిషికి సన్నటి సీటు ఇచ్చేస్తుంటారు. సగటున చూస్తే మగవాళ్ల కన్నా ఆడవాళ్లకి ఈ దూరం కొంచెం ఎక్కువ, నిజమే, కానీ ఇద్దరి కొలతలూ చాలావరకు కలిసిపోతాయి, అందుకే పెట్టె మీద లేడీస్ అని గులాబీ రంగులో రాసినంత మాత్రాన అది మీ సీటు అయిపోదు. ఆ గులాబీ రంగు గురించి ఇంకా చాలా అనాలని ఉంది, వద్దులెండి.

వచ్చిన అంకెకి కొంత కలపాలి. బాగా ముందుకి వంగి రోడ్ బైక్ తొక్కేవాళ్లు 15 నుంచి 20, హైబ్రిడ్ (రోడ్ బైక్‌కీ మామూలు సైకిల్‌కీ మధ్యరకం) లాంటి దాని మీద మధ్యస్థంగా వంగేవాళ్లు 20 నుంచి 30, నడుం నిటారుగా పెట్టుకుని లేడీబర్డ్ మీద కూరగాయలకి వెళ్లేవాళ్లు 40 దాకా. ఎందుకింత తేడా అంటే కటి ఎముకలు ముందుకి వెళ్లేకొద్దీ దగ్గరగా వస్తాయి, నిటారుగా కూర్చుంటే వెనక వెడల్పు భాగం మీద ఆనతాం, వంగితే ముందున్న ఇరుకు భాగం మీదికి దొర్లుతాం. ఆ లెక్కన నా హైబ్రిడ్‌కి 143, వదినకి 160 పైన కావాలి. స్పెషలైజ్డ్ వాళ్లు ఒకే మోడల్‌ని 143, 155, 168 అని రకరకాల వెడల్పుల్లో ఇస్తారు, మిగతా పెద్ద కంపెనీల్లోనూ రెండు మూడు వెడల్పులుంటాయి. వెడల్పు రాయని సీటు కొనొద్దు, మరీ నచ్చితే స్కేలు తీసి షాపులోనే వెనక భాగం ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచి కొనండి. ఇంకోటి, అంచులు గుండ్రంగా కిందకి వంగిపోయే సీట్లలో చదునుగా ఉండే భాగం రాసిన అంకె కన్నా తక్కువే ఉంటుంది. మీ రెండు ఎముకలూ ఆ చదును మీద ఆనాలి, వాలు మీద కాదు.

కొనే ముందు స్పానర్ తియ్యండి

ఇది ఎవరూ చెప్పరు, చెబితే సీట్లు అమ్ముడుపోవు. సగం మందికి కొత్త సీటు అక్కర్లేదు, ఉన్నదాన్ని సరిచేసుకుంటే చాలు. మామూలు సైకిళ్లలో సీటు కింద పక్కన 13 లేదా 14 నంబరు నట్లు రెండుంటాయి, కొంచెం ఖరీదైనవాటిలో అలెన్ కీ బోల్టు ఉంటుంది. వదులు చేస్తే సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది, పైకీ కిందకీ వంగుతుంది.

ఎత్తు ముందు. సీటు మీద కూర్చుని, గోడ పట్టుకుని, మడమని కిందున్న పెడల్ మీద పెడితే కాలు నిటారుగా సాగాలి, అంతకన్నా ఎత్తు వద్దు. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీద పెడతాం కాబట్టి మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అదే కావలసింది. మరీ ఎత్తు పెడితే పెడల్ కోసం నడుం ఈ పక్కకీ ఆ పక్కకీ ఊగుతుంది, ఊగిన ప్రతిసారీ చర్మం సీటు మీద రుద్దుకుంటుంది. అలాగని రోడ్డు మీద కాళ్లు ఆనాలని సీటు దించేసుకుంటే (మనలో చాలామందికి చిన్నప్పటి భయం ఇది) బరువంతా పెడల్ మీదికి పోకుండా పిర్రల మీదే పడుతుంది, మోకాళ్లు కూడా పోతాయి. ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకి దిగి ఒక కాలు ఆనించడం నేర్చుకోండి, రెండు రోజుల పని.

తర్వాత వంపు. ఫోనులో లెవెల్ చూపించే యాప్ ఉంటుంది, దాన్ని సీటు పొడవునా ఒక పుస్తకం వేసి దాని మీద పెట్టి చూడండి. నాది చూస్తే ముక్కు 4 డిగ్రీలు పైకి లేచి ఉంది, సైకిల్ బిగించిన అబ్బాయి కంటికి బాగుందని అలా పెట్టేశాడు. సున్నా దగ్గర మొదలుపెట్టి, ముందు భాగం ఒత్తుకుంటుంటే ఒక్కో డిగ్రీ చొప్పున కిందకి దించుతూ మూడు దాకా వెళ్లొచ్చు. మరీ దించితే జారిపోతుంటారు, జారకుండా చేతులతో తోసుకుంటూ అరచేతులు తిమ్మిరెక్కుతాయి, అదీ గుర్తు. ఇది అల్లాటప్పా విషయం కాదు, బ్రిటన్ జట్టు ఆడ సైక్లిస్టులకి పడుతున్న పుండ్ల గొడవ మీద వాళ్ల అప్పటి ఫిజియో ఫిల్ బర్ట్ సీటు ఇంకా కిందకి వంచుకోనివ్వాలని వాదించాడు, అంతర్జాతీయ సమాఖ్య యూసీఐ కూడా 2016 నుంచి పోటీ సైకిళ్లకి 9 డిగ్రీల దాకా సీటు వంచుకోనిస్తోంది. మనకి 9 అవసరం రాదు, వాళ్లు పడుకున్నట్టు వంగి తొక్కుతారు.

హ్యాండిల్ సంగతి అందరూ మర్చిపోతారు. షాపుల్లో దొరికే సైకిళ్లలో ఎక్కువ భాగం మగవాళ్ల ఒడ్డూ పొడవూ చూసి చేసినవి, అయిదడుగులున్న మనిషికి హ్యాండిల్ అందక ముందుకి సాగాల్సి వస్తుంది, సాగితే కటి ముందుకి దొర్లి బరువు సీటు ముక్కు మీద పడుతుంది. ఇక్కడ ఎన్ని సీట్లు మార్చినా లాభం లేదు. హ్యాండిల్‌ని పట్టుకునే స్టెమ్ 90 మిల్లీమీటర్లది ఉంటే 60 లేదా 70ది వేయించుకోండి, కొన్ని వందల్లో అయిపోతుంది. హ్యాండిల్ ఎత్తు కూడా పెంచుకోండి. 2012లో అమెరికాలో యేల్ యూనివర్సిటీ పరిశోధకులు 48 మంది పోటీ సైక్లిస్టు ఆడవాళ్లని పరీక్షిస్తే, హ్యాండిల్ సీటు కన్నా కిందకి ఉన్నవాళ్లకి ముందు భాగం మీద ఒత్తిడి ఎక్కువ, స్పర్శ తక్కువ అని తేలింది. పోటీలకి వెళ్లనివాళ్లకి హ్యాండిల్ సీటుతో సమానంగానో ఒక అంగుళం పైకో ఉంటే పోయేదేమీ లేదు.

ఇవన్నీ చేసి వారం తొక్కినా నొప్పి పోలేదంటే, అప్పుడు కొనండి.

ఇక రకాలు

జెల్ కవర్ గురించి నాలుగు ముక్కలు చాలు. మూడు నుంచి ఎనిమిది వందల దాకా ఉంటుంది, తాడు లాగి కడతారు, మలుపు తిరిగినప్పుడల్లా పక్కకి జరుగుతుంది, ఉన్న సీటుకి పల్లం ఉంటే దాన్ని పూడ్చేస్తుంది, ఎండలో నిలిపితే కాలుతుంది. పక్క వీధికి వెళ్లిరావడానికి సరే. నాది ఇప్పుడు మా అమ్మ పూజ గదిలో పీట మీద వేసుకుంటోంది, "ఇదేదో బాగుందే, ఇంకోటి తెచ్చిపెట్టవే" అంటోంది కూడా.

కింద స్ప్రింగులుండే వెడల్పు సీటు, లేడీబర్డ్‌కి వచ్చే రకం. దీన్ని తక్కువ చేసి మాట్లాడడం రైడర్లకి ఫ్యాషన్, నాకు నచ్చదు. మేం భీమవరంలో హైస్కూలుకి వెళ్లినన్నాళ్లూ ఆ సీటు మీదే వెళ్లాం, వెనక క్యారియర్ మీద ఇంకొకర్ని ఎక్కించుకుని మరీ. నడుం నిటారుగా పెట్టి కూర్చుంటే బరువంతా పిర్రల మీదే పడుతుంది కాబట్టి ఆ వెడల్పు కావాలి, గతుకుల రోడ్డుకి స్ప్రింగు కావాలి. ఐదారు కిలోమీటర్ల లోపు, చీరలోనో చుడీదార్‌లోనో తొక్కేవాళ్లకి ఇంతకన్నా మంచి సీటు లేదు. తప్పు ఎక్కడ జరుగుతుందంటే అదే సీటుని తెచ్చి ముందుకి వంగే హైబ్రిడ్‌కి బిగిస్తారు, నేను చేసిన పని అదే, అప్పుడు ఆ వెడల్పు తొడల వెనక అడ్డం పడుతుంది, కాలు కిందకి తోసిన ప్రతిసారీ మనిషిని ముందుకి నెడుతుంది, నెడితే మధ్య భాగం ముక్కు మీదికి వస్తుంది.

మధ్యలో పల్లమో కన్నమో ఉండే సీట్లు. మనలో ఎక్కువమందికి చివరికి కుదిరేది ఇవే. ఇదేదో కొత్తగా కనిపెట్టారనుకుంటాం కానీ 1890ల్లోనే అమెరికాలో క్రిస్టీ అని ఒక సీటు అమ్మారు, రెండు మెత్తలు, మధ్యలో ఖాళీ, డాక్టర్లు మెచ్చిన సీటు అని ప్రకటనలు కూడా వేశారు. తర్వాత అందరూ దాన్ని మర్చిపోయారు. 1985లో ఆడవాళ్ల కోసమే సైకిళ్ల కంపెనీ పెట్టిన ఇంజనీరు జార్జీనా టెర్రీ, కన్నం ఉన్న ఆడవాళ్ల సీట్లని తొంభైల్లో మళ్లీ జనంలోకి తెచ్చింది. ఇప్పుడు ప్రతి కంపెనీకీ ఉన్నాయి. డెకాథ్లాన్‌లో 1,000 నుంచి 2,500 లోపు దొరికేస్తాయి, ఇటలీ కంపెనీల సెల్లే ఇటాలియా, సెల్లే ఎస్‌ఎమ్‌పీ, ఫిజిక్ లాంటివి ఐదు వేల నుంచి పైకి ఎంతైనా. చూడాల్సింది ఒకటే, కన్నం అంచులు. అంచు పదునుగా ఉంటే ఒత్తిడంతా ఆ అంచు మీద చేరి యోని లోపలి పెదవుల్ని నొక్కుతుంది, కొంతమందికి కన్నంలోకి దిగి వాచిపోతుంది కూడా. అలా అయ్యేవాళ్లకి పూర్తి కన్నం కన్నా వెడల్పాటి పల్లం మేలు. నాకు కన్నం కుదిరింది, ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే అమ్మాయికి కుదరలేదు, ఇద్దరం ఒకే మోడల్ కొన్నాం.

ఆ అమ్మాయికి కుదిరింది ఇంకో రకం, స్పెషలైజ్డ్ వాళ్ల మిమిక్. కన్నం ఉండాల్సిన చోట ఖాళీకి బదులు చాలా మెత్తటి పదార్థం నింపుతారు, చుట్టూ గట్టిగా, మధ్యలో ఒంట్లో కండలాగే ఒదిగేలా. ఆడవాళ్ల వాపు సమస్య కోసమే తయారుచేసింది. పనిచేస్తుంది, కానీ ధర పది వేలు దాటుతుంది. వారానికి వంద కిలోమీటర్లు తొక్కని మనిషికి నేను సిఫార్సు చెయ్యను.

పొట్టి ముక్కు సీట్లు ఇంకో దారి. మామూలు సీటు 27 సెంటీమీటర్ల చుట్టుపక్కల పొడవుంటే ఇవి 24 దగ్గర ఆగిపోతాయి, ముక్కు వెడల్పుగా, తగలకుండా ఉంటుంది. రోడ్ బైక్ మీద డ్రాప్ హ్యాండిల్ పట్టుకుని వంగి తొక్కేవాళ్లకి బాగా నప్పుతాయి. నిటారుగా తొక్కేవాళ్లకి వీటితో లాభం పెద్దగా లేదు. ముక్కు అసలే లేకుండా రెండు కొమ్ముల్లా చీలి ఉండే ఐఎస్ఎమ్ రకం ట్రయాథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీ) వాళ్లది, తొడలు లావుగా ఉన్నవాళ్లకి ఆ కొమ్ములు రాసుకుంటాయి, ముందు వాడి చూడకుండా కొనొద్దు.

చివరగా తోలు సీటు, అంటే బ్రూక్స్. ఇంగ్లండ్‌లో 1866లో మొదలైన కంపెనీ, బీ17 అన్న వాళ్ల సీటుకి వంద ఏళ్లకు పైగా వయసు. దీంట్లో నురుగు లేదు, దళసరి తోలుని ముందూ వెనకా ఇనుప చట్రానికి బిగించి లాగుతారు, నవారు మంచంలా. కొన్నాళ్లు తొక్కేసరికి సరిగ్గా మీ ఎముకలు ఆనే చోట గుంటలు పడి మీ ఒక్కరికే కుదిరే సీటు అవుతుంది. దాదాపు 17 సెంటీమీటర్ల వెడల్పు కాబట్టి వదిన లాంటివాళ్లకి సరిగ్గా సరిపోతుంది, ముక్కు పొట్టిగా ఉండే బీ17 ఎస్ అని ఆడవాళ్ల రకం కూడా ఉంది. వదిన విశాఖలో ఉంటుంది, వారాంతాల్లో బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్లొస్తుంది, అదే కొనుక్కుంది. మొదటి మూడు వారాలు నాకు ఫోన్ చేసి తిట్టింది, నాలుగో వారం నుంచి ఆ సీటుని ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు. కాకపోతే వానలో తడవకూడదు, తడిస్తే సాగిపోతుంది, తోలుకి మైనం లాంటి వాళ్ల పూత రాస్తుండాలి, సముద్రం గాలికి రివెట్లు తుప్పు పట్టకుండా తుడుచుకోవాలి. ఆవిడకి ఇవన్నీ చేసే ఓపిక ఉంది, రోజూ ఆవకాయ జాడీ మూత తుడిచే మనిషి. నాకు లేదు. ఓపిక లేనివాళ్లకి అదే కంపెనీ రబ్బరుతో చేసే కేంబియం ఉంది, తడిసినా ఏమీ కాదు, మొదటి రోజు ఎలా ఉందో చివరి రోజూ అలాగే ఉంటుంది, అంటే మీ ఎముకలకి తగ్గట్టు మాత్రం మారదు. మనదేశంలో ఈ రెండూ ఖరీదే.

ఏది కొన్నా కింద ఉండే రెండు కమ్మీలు ఏ ఆకారమో చూడండి. గుండ్రటి 7 మిల్లీమీటర్ల ఉక్కు కమ్మీలైతే దాదాపు అన్ని సీటు రాడ్లకీ పడతాయి. ఖరీదైన కార్బన్ కమ్మీలు గుడ్డు ఆకారంలో ఉంటాయి, మామూలు క్లాంప్‌లో (సీటు రాడ్ మీద కమ్మీల్ని పట్టి ఉంచే బిగింపు) బిగిస్తే విరిగే ప్రమాదం. మనకి ఉక్కు చాలు.

బట్టల సంగతి

మామూలు లెగ్గింగ్ తిరగేసి చూడండి, నాలుగు కుట్లూ వచ్చి కలిసేది ఎక్కడ? సరిగ్గా సీటు నొక్కే చోటే. లోపల ప్యాంటీ అంచు కుట్టు ఇంకోటి. మంచి సీటు కొని దాని మీద ఈ ముడి వేసుకుని కూర్చుంటే సీటు ఏం చేస్తుంది పాపం. గంట దాటి తొక్కేవాళ్లు ప్యాడెడ్ షార్ట్స్ కొనుక్కోండి, ఆడవాళ్ల ప్యాడ్ ఆకారం వేరు కాబట్టి అదే చూసి తీసుకోండి, మొహమాటంగా ఉంటే పైన వదులు ప్యాంటో కుర్తీయో వేసుకోండి. లోపల ప్యాంటీ వేసుకోకూడదు. ఇది చెబితే ప్రతి ఒక్కరూ "ఛీ, నిజమా?" అంటారు. నిజమే, అది అలా వాడడానికే చేసింది, అందుకే తొక్కిన ప్రతిసారీ ఉతకాలి, ఉతికేటప్పుడు బట్టలు మెత్తబడే కండిషనర్ వేయకూడదు, వేస్తే ప్యాడ్ చెమట పీల్చదు. ప్యాడ్ మందం ఎక్కువైనా మళ్లీ సోఫా కథే, మధ్యలో పోగుపడుతుంది.

రుద్దుకుపోయే చోట సైక్లింగ్ క్రీములున్నాయి, లేనప్పుడు కొబ్బరి నూనె కొంతసేపు కాపాడుతుంది. పూర్తిగా వ్యాక్సింగ్ చేయించుకునేవాళ్లకి ఒక మాట, 2016 రియో ఒలింపిక్స్ ముందు బ్రిటన్ జట్టు ఆడవాళ్లకి వాళ్ల నిపుణులు ఇచ్చిన సలహాల్లో అది మానేయమన్నది ఒకటి, ఎందుకంటే వెంట్రుకలు ఒరిపిడిని కొంత ఆపుతాయి, తీసేస్తే గుల్లలు పడతాయి. పీరియడ్స్ రోజుల్లో శానిటరీ ప్యాడ్ అంచు కోసేస్తుంటుంది, మెన్‌స్ట్రువల్ కప్ వాడేవాళ్లకి హాయిగా ఉంటుంది. కాన్పయి కుట్లు పడ్డవాళ్లు డాక్టర్ సరేనన్నాకే సీటెక్కండి. నెలసరి ఆగిపోయే వయసులో చర్మం పల్చబడి పొడిబారుతుంది, పదేళ్లు వాడిన సీటే ఉన్నట్టుండి గుచ్చుకోవడం మొదలుపెడుతుంది, సీటు పాడైందనుకుని కొత్తది కొనే ముందు గైనకాలజిస్టుని ఒకసారి అడగండి. గడ్డలా వచ్చి తగ్గకపోయినా, దిగాక చాలాసేపు తిమ్మిరి వదలకపోయినా అంతే.

మరి మీకేది?

బజారుకీ బడికీ అయితే స్ప్రింగు సీటు, దాని మీద ఇంకేమీ ఆలోచించొద్దు. హైబ్రిడ్ లేదా గేర్ సైకిల్ మీద వారానికి రెండు మూడుసార్లు పదీ ఇరవై కిలోమీటర్లు తొక్కేవాళ్లు డెకాథ్లాన్‌లో రెండు వేల లోపు, మీ వెడల్పుకి దగ్గరగా ఉన్న పల్లం సీటు తీసుకోండి, నూటికి డెబ్బై మందికి అక్కడితో కథ అయిపోతుందని నా అంచనా, అంచనా మాత్రమే. రోడ్ బైక్ మీద గంటల తరబడి వంగి తొక్కేవాళ్లు పొట్టి ముక్కు, కన్నం ఉన్నది చూడండి, వాపు వచ్చే తత్వమైతే మిమిక్ కోసం డబ్బు దాచుకోండి. బ్రెవేలు అనే 200 కిలోమీటర్ల దూరపు రైడ్లు, పదమూడున్నర గంటల్లో ముగించాల్సినవి, అలాంటివాటి మీద మనసున్నవాళ్లు, ఎముకల దూరం కూడా ఎక్కువున్నవాళ్లు తోలు సీటు ఇప్పుడే మొదలుపెట్టండి, ఈవెంట్‌కి వారం ముందు కాదు.

కొనేటప్పుడు వాపసు తీసుకుంటారా అని ముందే అడిగి బిల్లు దాచండి. షాపు బయట ఐదు నిమిషాలు తొక్కితే ఏమీ తెలియదు, గంట చొప్పున నాలుగుసార్లైనా తొక్కాలి. వాపసు ఇచ్చేలా ఉండాలంటే సీటు మీద పల్చటి ప్లాస్టిక్ కవర్ చుట్టి, కమ్మీల మీద క్లాంప్ గీతలు పడకుండా టేపు వేసి బిగించుకోండి. పాతవి అమ్మేవాళ్లు కూడా రైడర్ల గ్రూపుల్లో ఎప్పుడూ ఉంటారు, మనకి కుదరని సీటు ఇంకొకరికి కుదురుతుంది, నా సోఫా సీటుని అలాగే లేడీబర్డ్ ఉన్న మా అపార్ట్‌మెంట్ ఆంటీకి ఆరు వందలకి ఇచ్చేశాను, ఆవిడ ఎంత సంతోషంగా తొక్కుతోందో.

బిగించాక సీటు రాడ్ మీద ఎత్తు దగ్గర ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు వేయండి, కమ్మీల మీద క్లాంప్ ఉన్న చోట మార్కర్‌తో గీత పెట్టండి, సర్వీసింగ్‌కి ఇచ్చిన ప్రతిసారీ అవి మారిపోయి వస్తాయి. ఒకసారికి ఒక్కటే మార్చండి, ఎత్తూ వంపూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు. మొదటి రైడ్ తర్వాత నట్లు ఇంకోసారి బిగించడం మర్చిపోకండి, కొత్త సీటు కొద్దిగా సర్దుకుని వదులవుతుంది, దారి మధ్యలో ముక్కు పైకి లేస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.